పేరు వ్రాయని తొట్టెలు

చెన్నపట్నంలో చూడదగిన స్థలాలేవని పొరుగూరి బంధువులు అడిగితే, మనవాళ్ళు సముద్రపుటొడ్డూ, మైలాపూరు కపాలీశ్వరుని కోవెలా, ఎగ్మూరు మ్యూజియమూ చెప్పి ఊరుకుంటారు. కొళత్తూరు పేరు ఎవరూ చెప్పరు. పెరంబూరు దాటి ఉత్తరంగా, రెట్టేరి చెరువు దారిలో పోతే వచ్చే పేట అది. అక్కడ గోపురాలు లేవు, ఉద్యానాలు లేవు. ఉన్నవల్లా చేపలే. అవి కూర చేపలు కావు, గాజుతొట్టెల్లో పెంచుకునే రంగు చేపలు.

ఆదివారం ఉదయం ఆ వీధుల్లో నడవడం ఒక వేడుక. దుకాణం ప్రక్కన దుకాణం, తొట్టె మీద తొట్టె. గుమ్మాలకు ప్లాస్టిక్ సంచులు పూలదండల్లాగా వ్రేలాడుతుంటాయి. ఒక్కొక్క సంచిలో పిడికెడు నీళ్ళు, మిగతా అంతా గాలి, నడుమ ఒక చేప. గాలి పంపుల రొద, తడి నాచు వాసన, స్కూటరు మీద నాన్న వెనుక కూర్చుని సంచిని ఒడిలో పదిలంగా పట్టుకున్న పిల్లలు. సందుల్లోకి తొంగిచూస్తే సిమెంటు తొట్లు కనబడతాయి. ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు ఇంటి పెరట్లోనే గప్పీలూ, మాలీలూ పెంచి అమ్ముకుంటూ బ్రతుకుతున్నాయి.

మేము ఒక ఆఫీసులో గుమాస్తాలము. చదివినది మెట్రిక్యులేషన్. చేపల శాస్త్రం మాకు తెలుసునని చెప్పబోము. అయితే ఇరవై ఏళ్ళుగా ఫైళ్ళ మధ్య కూర్చున్నవారికి ఒక దురభ్యాసం పట్టుకుంటుంది. పేరు వ్రాయని కాగితం కంటబడితే చేయి ఊరుకోదు. కొళత్తూరులో మా చేత ఏళ్ళ తరబడి ప్రదక్షిణాలు చేయించినది ఆ దురభ్యాసమే.

సంగతేమంటే, ఆ దుకాణాల్లో గోల్డుఫిష్‌కు పేరుంటుంది, ఫైటరుకు పేరుంటుంది. అరోవానాకు పేరూ ఉంటుంది, ధరా ఉంటుంది. మూలన, క్రింది వరుసలో, అంగుళం ఒకటిన్నర అంగుళాల పొడవున బూడిద రంగులో బిక్కుబిక్కుమంటూ ఉండే చిన్న చేపలకు మాత్రం పేరుండదు. అడిగితే 'మిక్సు' అంటారు. వాటిలో తరచుగా దొరికేవి సిక్లిడ్ కుటుంబంలోని పొట్టి జాతులు. పెద్దవైనా మూడు నాలుగు అంగుళాలు దాటవు. ఇంత చిన్న చేపలే ఆలుమగలుగా జత కడతాయి, గుహ చూసుకుని కాపురం పెడతాయి, గుడ్లకూ పిల్లలకూ కాపలా కాస్తాయి. గృహస్థులకు ఇంతకన్న తగిన చేప మరొకటి లేదని మా అభిప్రాయం.

రెండేళ్ళ క్రిందట ఇలాగే పేరు తెలియని జత ఒకటి కొన్నాము. పసుపు ఒళ్ళు, దాని మీద నీలి తళుకులు, కంటి మీదుగా నిలువుగా నల్లచార. మా అమ్మాయి పట్టుబట్టింది. అమ్మినతను "గుప్పెడు ఉప్పు వేయండి సార్, ఏమీ కాదు" అన్నాడు. మేము ఇంటికి వచ్చి బోరు నీళ్ళు నింపి, ఉప్పు వేసి, చేపలను వదిలాము. నాలుగవ రోజున మగది పోయింది. తొమ్మిదవ రోజున ఆడది పోయింది. పిల్ల ఏడవలేదు. చాలాసేపు తొట్టెవైపు చూసి, "నాన్నా, దాని పేరేమిటో మనకు తెలియకుండానే చచ్చిపోయింది కదూ?" అన్నది.

ఆ మాట మమ్మల్ని చాలాకాలం వదలలేదు. పేరు తెలుసుకున్నది నెల గడిచిన తరువాత, ఫొటోలతో పోల్చి చూసుకుని. అది రామ్ చేప. ఈ రామ్ మన శ్రీరాముడు కాదు సుమా! ఆ చేపను తొలిరోజుల్లో పట్టి తెచ్చిన మాన్యుయెల్ రామిరెజ్ అనే ఆయన పేరు మీదుగా 1948లో రామిరెజి అని నామకరణం చేశారు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలో, వెనిజులా, కొలంబియా దేశాల్లోని ఒరినోకో నది మైదానాలు. అక్కడి నీరు వెచ్చన, మెత్తన. అందులో కరిగిన ఉప్పులూ సున్నమూ బహుస్వల్పం. మా బోరు నీటిలో మీటరు ముంచితే టి.డి.ఎస్. తొమ్మిది వందలు చూపించింది. దాని మీద గుప్పెడు ఉప్పు కూడాను! పేరు ముందే తెలిసి ఉంటే ఆ పని చేసి ఉండేవాళ్ళము కాము. ఏ నీళ్ళు పోయాలో తెలియాలంటే ముందు పేరు తెలియాలని ఆనాడు గ్రహించాము.

అప్పటినుంచి ఒక నోటు పుస్తకం పెట్టాము. చేప ఇంటికి రాగానే ఒక పేజీ. మొదటి గడిలో ముక్కు. చాలా చేపలకు ముక్కుకు ప్రక్కకు రెండేసి రంధ్రాలుంటాయి, సిక్లిడ్‌కు ఒక్కొక్కటే. భూతద్దంతో గాని, సెల్‌ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి గాని చూడవచ్చు. రెండవది ప్రక్కగీత. చాలా చేపలకు తల నుంచి తోక దాకా సాగే ఆ గీత సిక్లిడ్‌కు నడుమ తెగి, వెనుక భాగం కొంచెం దిగువ నుంచి మళ్ళీ మొదలవుతుంది. ఈ రెండూ కుదిరితే కుటుంబం తేలినట్టే. ఆ తరువాత నల్ల గుర్తులు: కంటి మీద చార ఉన్నదా, కంటి నుంచి చెంప మీదికి ఏటవాలుగా దిగే గీత ఉన్నదా, ఒంటి పొడుగునా పట్టీ ఉన్నదా, అడ్డపట్టీలా, తోక మొదట మచ్చ ఉన్నదా. చివరికి రెక్కలు: వెన్నురెక్క ముందు ముళ్ళు పొడుగా, తోక గుండ్రమా, మొనదేలినదా, రెండుగా చీలినదా.

రంగును మాత్రం దుకాణంలో నమ్మరాదు. భయపడిన చేప రంగు దాచుకుంటుంది. మరికొన్నిచోట్ల తొందరగా రంగెక్కడానికి మేతలో హార్మోను మందులు కలిపి పెట్టడం ఈ వ్యాపారంలో ఉన్నదే. అందువల్ల ఇంట్లో ఒక రాత్రి నిద్ర చేసిన తరువాతనే రంగు గడి నింపుతాము. ఈ నియమం పెట్టుకోక మునుపు ఒకసారి అడ్డపట్టీల ముద్దు పిల్లలను పొట్టి జాతి అనుకుని తెచ్చాము. అవి మధ్య అమెరికా వాసులైన కాన్విక్టు సిక్లిడ్లు. ఖైదీల చారల దుస్తుల్లాంటి పట్టీల వల్ల ఆ పేరు. పేరుకు తగినట్టే ఆరు నెలల్లో తొట్టెలోని తక్కిన వాటన్నిటినీ మూలకు తరిమి, తొట్టె తమ పేర పట్టా వ్రాయించుకున్నాయి.

పేర్ల దగ్గర కూడా దస్తావేజు తప్పులు చాలా ఉన్నాయి. 'జర్మన్ రామ్' అంటారు గాని అది జర్మనీ చేప కాదు. 'బొలీవియన్ రామ్' మాత్రం నిజంగానే బొలీవియా వైపుది. మొదటిదానికంటే కాస్త పెద్దది, నీలి తళుకులు లేనిది, తోక అంచుల్లో ఎరుపు కలది, మొండిది. కొత్తవారు దానితోనే మొదలుపెట్టడం మంచిది. 'క్రిబెన్సిస్' అని లోకమంతా అమ్మే ఆఫ్రికా చేప అసలు పేరు పెల్వికాక్రోమిస్ పుల్కెర్. 1901లో పెట్టిన పేరు. పుల్కెర్ అనగా లాటిన్ భాషలో అందమైనదని. కామెరూన్ దేశంలోని క్రిబి ఊరి పేరుతో కాగితాల మీద నమోదైన క్రిబెన్సిస్ వేరొక చేప. ఒకరి ఫైలు మరొకరి పేర నడవడం మా ఆఫీసులోనే అనుకున్నాము, శాస్త్రంలోనూ ఉన్నదన్నమాట.

కిందటి శీతకాలంలో ఒక ఆదివారం మళ్ళీ వెళ్ళాము, అమ్మాయిని వెంటబెట్టుకుని. ఒక సందు చివర చిన్న దుకాణం. క్రింది తొట్టెలో డజను దాకా మట్టిరంగు పిల్లలు. మేము గొంతుక్కూర్చుని చూస్తున్నాము. మా అమ్మాయి పుస్తకం తెరిచి, "నాన్నా, ఈ రెండింటికీ పొడుగు పట్టీ ఉంది, చెంప గీత లేదు. అదిగో, దానికి ఉంది" అంటున్నది. దుకాణం అబ్బాయి, ముప్ఫై ఏళ్ళుంటాయి, వల చేతబట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"మీరు తెలుగోళ్ళా అన్నా? మా ఇంట్లోను తెలుగే మాట్లాడేది" అన్నాడు.

"ఈ చేపల పేరేమిటి తమ్ముడూ?"

"పేరంతా ఎవురికి తెలుసునా? పెద్ద యాపారి దగ్గర మిక్సు అని వొచ్చింది. ఒకటి డెబ్బయి రూపాయలు."

"మీదే ఊరు?"

"ఊరంతా తెలవదన్నా. మా తాతకు తాత ఎప్పుడో వొచ్చినారంట. అడగతామంటే అది తెలిసినోళ్ళు ఇప్పుడు ఎవురూ లేరు."

ఆ మాట అతను విచారంగా చెప్పలేదు. చేపల పేరు తెలియదని చెప్పినంత తేలికగా చెప్పాడు. మేము మూడు చేపలు కొని, సంచిలో ప్రాణవాయువు నింపించుకుని వచ్చాము.

ఇక ఇంటి పని. సంచిని పావుగంటసేపు తొట్టె నీటిలో తేలనిచ్చి, తరువాత గిన్నెడు గిన్నెడుగా మన నీటిని అందులో కలపాలి. ఆ నీరు ఎక్కడిదో తెలియడం ఇక్కడే అవసరపడుతుంది. చెన్నపట్నం కుళాయి నీరు ఒక్కచోటిది కాదు. పూండి, పుళల్ చెరువుల నీరున్నది, వీరాణం నుంచి వచ్చేది ఉన్నది, 2010 తరువాత సముద్రపు నీటిని మంచినీరుగా మార్చి ఇస్తున్నదీ ఉన్నది. వీటితోపాటు మన కృష్ణమ్మ కూడా ఉన్నది. 1983లో కుదిరిన తెలుగు గంగ ఒప్పందం ప్రకారం శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా బయలుదేరిన నీరు 1996లో మొదటిసారి పూండి చేరింది. ఆ సంవత్సరం మా నాన్నగారు కుళాయి నీరు దోసిట పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఒరినోకో చేపకూ, నైజీరియా చేపకూ కృష్ణా జలం పోయగల ఊరు ఇంకెక్కడున్నది!

భక్తి సరే గాని, కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. దానికి యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. ఏ రోజు ఏ నీరు వస్తుందో తెలియదు గనుక మీటరు ముంచి చూసి, ఎక్కువ ఉంటే వంటింటి ఆర్.ఓ. నీరు సగం కలుపుతాము. వానాకాలంలో మేడమీద పట్టిన వాన నీరు అన్నిటికంటే మేలు. మొదటి జల్లు నీరు మాత్రం మురికి, వదిలేయాలి. 2003లో తమిళనాడులో ఇంటింటా వాన నీటిని భూమిలోకి దింపే ఏర్పాటు తప్పనిసరి చేసినప్పుడు మా వీధివారు విసుక్కున్నారు. ఇప్పుడు ఆ గొట్టం క్రింద మొదట బిందె పెట్టేది మేమే.

తొట్టె రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే ఒక జతకు చాలు. యాభై లీటర్ల పైచిలుకు నీరు పడుతుంది. అడుగున మెత్తని ఇసుక పరవాలి. వీటిలో చాలా జాతులు ఇసుకను నోట పట్టి జల్లించి మేత ఏరుకుంటాయి, గరుకు రాళ్ళయితే నోరు గాయపడుతుంది. గాలి పంపుకు తగిలించిన ఒక స్పాంజి ఫిల్టరు, ఒక మూల రాలిన ఎండు బాదం ఆకులు రెండు. మన వీధుల్లోని నాటు బాదం చెట్టు ఆకులే. కడిగి ఎండబెట్టి వేస్తే నీరు లేత టీ రంగు తిరుగుతుంది, మెత్తని నీటి చేపలకు ఆ నీడ హాయి. గుహకు డబ్బు ఖర్చు అక్కరలేదు. కొబ్బరిచిప్ప బోర్లించి, అంచున వేలు పట్టేటంత వాకిలి కోస్తే చాలు. వారానికి ఒకసారి పాతిక వంతు నీరు మార్చాలి. కొత్త తొట్టెను చేపలు లేకుండా నెలరోజులు నడిపించి, మురికిని విరిచే సూక్ష్మజీవులు స్థిరపడిన తరువాత చేపలు వదలాలి. ఈ ఒక్క ఓపిక లేకనే ఎక్కువ చేపలు చచ్చిపోతాయి.

మూడవ రోజుకు మా మూడు చేపలూ రంగు బయటపెట్టాయి. రెండింటికి ముక్కు నుంచి తోక దాకా నల్ల పట్టీ, వీపు మీద మరొక పట్టీ. ఒకటి పొడుగ్గా, రెక్కలు మొనదేలి ఉన్నది. రెండవది పొట్టిగా, గుండ్రంగా, కడుపు మీద చెర్రీ పండు ఎరుపు తిరుగుతూ ఉన్నది. సందేహం లేదు, పుల్కెర్ జత. మూడవదానికి చెంప గీత ఉన్నది, అది అపిస్టోగ్రామా ఆడది. ఈ ప్రజాతిలో పేర్లు పెట్టినవే తొంభైకి పైగా జాతులున్నాయి. కాకటూ చిలుక జుట్టులాగా వెన్నురెక్క నిక్కిన మగది ప్రక్కన ఉంటే కాకటుయాయిడిస్ అని చెప్పవచ్చు, తోక ఈటెమొనలాగా ఉంటే అగసిజి అని చెప్పవచ్చు. ఒంటరి ఆడదాన్ని చూసి పేరు చెప్పడం మా తరం కాదు. దానిని వేరే చిన్న తొట్టెలో ఉంచి, పుస్తకంలో 'అపిస్టోగ్రామా. జాతి తేలలేదు' అని వ్రాశాము. తెలియనిదానికి తోచిన పేరు పెట్టడం ఖాళీగా వదలడం కంటే పెద్ద తప్పు. ఆ పేరు నమ్మి ఎవరో వేరే జాతి మగదాన్ని జత చేస్తే, సంకర సంతానం పుట్టి ఆపైన ఎవరికీ ఏదీ తేలదు.

ఎండలు ముదరక ముందే ఒక రోజు పుల్కెర్ ఆడది కొబ్బరిచిప్పలో దూరి రాలేదు. లోపల పైకప్పుకు గుడ్లు అంటించింది. మగది వాకిట పచార్లు. మూడు రోజులకు గుడ్లు పగిలాయి, మరొక వారానికల్లా తల్లి వెనుక నలుసుల మబ్బు ఒకటి బయలుదేరింది. ఆర్టీమియా గుడ్లు ఉప్పు నీటిలో పొదిగించి, ఆ పిల్లలనే మేతగా వేశాము. దోమ పిల్లలూ మంచి మేతే గాని, వాటికోసం నీళ్ళు నిలవబెట్టి వీధికి డెంగ్యూ తేవద్దని మనవి. మరొక వింత ఏమంటే, ఈ జాతిలో నీరు పులుపైతే మగ పిల్లలు ఎక్కువ పుడతాయి. అపిస్టోగ్రామాల్లో చాలావాటికి నీరు వేడెక్కితే మగవి ఎక్కువ. చెన్నపట్నపు మే నెలలో గుడ్లు పెట్టించేవారు ఇది గుర్తుంచుకోవలసినది.

పరదేశపు చేపల మాటే ఇంత చెప్పి, మన చేపల మాట చెప్పకపోతే దోషం. సిక్లిడ్ కుటుంబంలో మన దేశానికి సొంతమైనవి మూడే. ఒకటి ఆకుపచ్చ క్రోమైడ్. పులికాటు, చిలకా సరస్సుల్లో ఉన్నది. మలయాళులు కరిమీను అంటారు, 2010లో కేరళ దానిని రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నది. రెండవది దక్షిణ కన్నడ నదుల్లో దొరికేది. కర్ణాటకలోని మన సోదరులు గర్వించవచ్చు. మూడవది నారింజ క్రోమైడ్. మూడంగుళాల చేప, ఉప్పు తగిలిన నీటికి అలవాటైనది. దాని పిల్లలు తల్లిదండ్రుల ఒంటిమీది జిగురును కొరికి తిని పెరుగుతాయి. ఆనాడు మేము వేసిన గుప్పెడు ఉప్పు దీనికైతే సరిపోయేది! కొళత్తూరులో ఇది కూడా పేరు లేకుండానే కనబడుతుంది. పరాయి చేపల నడుమ సొంతూరి చేపకు పేరు లేదు.

ఇక మన చెరువుల్లో విచ్చలవిడిగా పెరిగిన జిలేబీ చేప, అనగా తిలాపియా, అదీ సిక్లిడే. ఆఫ్రికాది, 1952లో మన దేశానికి తెచ్చారు. ఇప్పుడు ఎన్నో నీళ్ళలో మన చేపల మేతనూ, గూళ్ళనూ అది ఆక్రమించుకున్నది. కాబట్టి విసుగు పుట్టిన చేపను రెట్టేరిలోనో, మరే చెరువులోనో వదలి పుణ్యం వచ్చిందనుకోవద్దు. తిరిగి దుకాణానికి ఇవ్వండి, లేదా తెలిసినవారికి ఇవ్వండి.

మేమూ అదే చేశాము. మూడు నెలలకు నలభై దాకా పిల్లలు మిగిలాయి. డజనింటిని సంచిలో వేసుకుని ఆ సందు చివరి దుకాణానికే వెళ్ళాము. డబ్బు వద్దు, ఒక చీటీ మాత్రం తొట్టెకు అంటించమన్నాము. అమ్మాయి అక్కడే కూర్చుని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ వ్రాసింది: పేరు, దేశం, ఎంత పెరుగుతుంది, ఏ నీరు, గుహ కావాలి, ఉప్పు వేయరాదు.

అతను చీటీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరువాత తిరిగి అమ్మాయికే ఇచ్చాడు.

"తెలుగులోను రాయి పాపా. నాకు చదవను రాదు. అయినా ఉండనీ."

చీటీ క్రింద మిగిలిన చోటు కొంచెమే. అక్షరాలు చిన్నవి చేసి వ్రాసింది. అతను టేపు తెచ్చి, నీళ్ళు తగలకుండా, తొట్టె పైఅంచున అంటించాడు.